అద్దె అడగండి, సిబిల్ అడక్కండి: బెంగళూరులో ఇళ్లు అద్దెకిచ్చే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

బెంగళూరులో అద్దె ఇల్లు వెతికేవాళ్లను ఏమేం అడుగుతారో అందరికీ తెలిసిందే. ఏ ఊరు, ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు, నాన్‌వెజ్ వండుతారా, చుట్టాలు ఎక్కువగా వస్తారా. వీటికి జవాబులు చెప్పడం మాకు అలవాటైపోయింది. ఈమధ్య చివర్లో ఇంకోటి చేరింది: "మీ సిబిల్ రిపోర్టు ఒకసారి వాట్సాప్ చెయ్యండి." అంటే బ్యాంకు లోన్లు, కార్డు బిల్లులు ఎలా కట్టామో చెప్పే చిట్టా. హోరమావు, రామమూర్తినగర్, కె.ఆర్.పురం, కగ్గదాసపుర వైపు ఇళ్లు చూస్తుంటే ఈ మాట బ్రోకర్ల దగ్గరా విన్నాను, ఓనర్ల దగ్గరా విన్నాను. ఆ ఓనర్లలో చాలామంది మనవాళ్లే. ఇరవై ఏళ్ల కింద ఇక్కడికొచ్చి, కష్టపడి సైటు కొని, కింద తాముండి పైన రెండంతస్తులు అద్దెకిచ్చుకుంటున్నవాళ్లు. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను.

మా సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరో చెప్పగా మీకు తెలియడం నాకిష్టం లేదు. మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరల వ్యాపారం చేసేవారు. మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తీసుకుని బెంగళూరుకూ, హైదరాబాదుకూ అరువు మీద వేసేవారు. 2020లో కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. వేసిన సరుకు డబ్బులు రాలేదు, కట్టాల్సిన వడ్డీలు మాత్రం ఆగలేదు. 2021లో ఐపీ పెట్టారు, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాళా పిటిషను వేశారు. నిరుడు కోర్టు ఆయన్ను దివాళా నుంచి విడుదల చేస్తూ డిశ్చార్జి ఆర్డరు ఇచ్చింది. ఆయన ఇప్పుడు చిక్కపేటలో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తారు. నేను ఒక గార్మెంట్స్ కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో సూపర్‌వైజరుని. ఇప్పుడుంటున్న ఇంటిని ఓనర్లు అమ్మేస్తున్నారు కాబట్టి ఖాళీ చెయ్యాలి. ఈ ఇంట్లో దిగినప్పటి నుంచి అద్దె ఒక్క నెల కూడా ఐదో తేదీ దాటలేదు. ఆ ముక్క మీరు మా ఓనరమ్మనే అడగొచ్చు.

ముందు అడ్వాన్సు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

మేం చూస్తున్న రెండు బెడ్రూముల ఇళ్లకు అద్దె 18,000 చెబుతున్నారు. ఆరు నెలల అడ్వాన్సు అంటే 1,08,000. పాత లెక్కన పది నెలలు అడిగేవాళ్లూ ఉన్నారు, అప్పుడు 1,80,000. దీనికి వడ్డీ ఉండదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ఇస్తారు. అదీ చాలాసార్లు కొత్తగా దిగేవాళ్లు అడ్వాన్సు ఇచ్చాకే చేతికొస్తుంది. ఇప్పుడు చెప్పండి, మనిద్దరిలో అప్పిస్తున్నది ఎవరు, పుచ్చుకుంటున్నది ఎవరు? మీ చేతిలో నా డబ్బు లక్షో, లక్షా ఎనభై వేలో ఉంటుంది. నేను రెండు నెలలు అద్దె కట్టకపోయినా, మూడు నెలలు కట్టకపోయినా మీకు పైసా నష్టం లేదు. ఆ డబ్బు తిరిగొస్తుందో లేదో అని టెన్షన్ పడాల్సింది నేను. న్యాయంగా అయితే రిపోర్టు అడగాల్సింది కూడా నేనే.

వెటకారానికి అనడం లేదు. ఈ ఊళ్లో లీజు పద్ధతి ఒకటుంది కదా. పది లక్షలో పదిహేను లక్షలో ఒకేసారి ఓనరు చేతిలో పోసి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండడం. ఆ ఓనరు ఇంటి మీద తీసుకున్న బ్యాంకు లోను కట్టకపోతే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు వచ్చి గేటుకు నోటీసు అంటిస్తుంది. లోపల కాపురమున్నవాళ్లు ఆ లక్షల కోసం ఎవరి వెంట పడాలో తెలియక కోర్టుల చుట్టూ తిరుగుతారు. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే రోడ్డున పడింది. వాళ్లు ఈసీ, అంటే ఇంటి మీద తాకట్లు ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, తీయించి చూసుకోవాల్సిందని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. నిజమే, తీయించుకోవాలి. కానీ అద్దెకొచ్చినవాడు "అయ్యా, మీ ఈసీ, మీ లోను స్టేట్‌మెంటు ఒకసారి వాట్సాప్ చెయ్యండి" అంటే మీలో ఎంతమంది ఇల్లు చూపిస్తారు?

అడ్వాన్సు విషయంలో చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం ప్రకారం కాపురముండే ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. పక్కన తమిళనాడులో 2017 చట్టం మూడు నెలల అద్దె అంటుంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. ఇక్కడ కర్ణాటకలో ఉన్నది 1999 నాటి అద్దె చట్టం. బెంగళూరు లాంటి చోట్ల నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఆ అద్దెకు ఈ రోజుల్లో పీజీలో మంచం కూడా దొరకదు. అంటే అడ్వాన్సు ఎంతన్నది పూర్తిగా మీ ఇష్టం. మేం కాదనలేదు. అడిగినంత ఇచ్చే దిగుతున్నాం. ఇంత రక్షణ చేతిలో పెట్టుకుని, దాని మీద ఇంకా నా పాత అప్పుల చిట్టా ఎందుకని నా ప్రశ్న.

పోనీ ఆ చిట్టాలో మీకు పనికొచ్చేది ఏమైనా ఉందా అంటే, అదీ లేదు. సిబిల్ అని మనం అలవాటుగా అనేస్తాం కానీ ఈ పని చేసే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో వచ్చిన చట్టం కింద, రిజర్వ్ బ్యాంకు అజమాయిషీలో పనిచేస్తాయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే లోన్ల లెక్కలు, కార్డుల లెక్కలు తీసుకుని 300 నుంచి 900 మధ్య ఒక అంకె వేస్తాయి. మీకు యూపీఐలో పంపే అద్దె అందులోకి రాదు. ఐదో తేదీలోగా కట్టానా, ఇరవయ్యో తేదీ దాకా సతాయించానా అన్నది ఆ అంకెకు తెలియదు. వరసగా మూడిళ్లలో అద్దె ఎగ్గొట్టి వచ్చినవాడికి 790 ఉండొచ్చు, కారు లోను ఈఎంఐ తప్పకుండా కడుతుంటే చాలు. జీవితంలో ఒక్క రూపాయి అప్పు చెయ్యకుండా ముప్ఫై ఏళ్లు అద్దె కట్టిన మా మేనత్తకు అసలు స్కోరే లేదు.

ఆ చట్టం ఇంటి ఓనర్లకు రిపోర్టు చూసే హక్కు ఇవ్వలేదు. బ్యాంకుల్లాంటి కొన్ని సంస్థలకే ఆ వీలుంది. మీరు నేరుగా తీసుకోలేరు కాబట్టే మమ్మల్ని డౌన్‌లోడ్ చేసి పంపమంటున్నారు. అందులో ఏముంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఇప్పటిదాకా వాడిన ఫోన్ నంబర్లు, ఉన్న ఇళ్ల అడ్రసులు, ఏ బ్యాంకులో ఎంత లోను, ఎప్పుడు ఎవరి దగ్గర లోనుకి అప్లై చేశాం, అన్నీ. ఇదంతా బ్రోకరు ఫోన్లో, పెళ్లి ఫోటోల మధ్య, ఎప్పటిదాకా పడుంటుందో ఎవరికి తెలుసు? మీ అమ్మాయి పూణేలో ఇల్లు చూసుకుంటూ ఎవరో ముక్కూమొహం తెలియని బ్రోకరుకు ఈ కాగితాలు పంపిందంటే మీరు ఊరుకుంటారా?

హోరమావులో ఒకింటికి వెళ్లాం. మూడో అంతస్తు, తూర్పు గుమ్మం, వంటింటి పక్కన చిన్న యుటిలిటీ, కావేరి నీళ్లు రోజు మార్చి రోజు. ఓనరు గారిది ప్రొద్దుటూరు, రిటైరైన మనిషి. మంచివారు. కాఫీ ఇచ్చారు. పట్టు రేట్ల గురించి, ధర్మవరం స్టేషన్లో వడల గురించి మా ఆయనతో చాలాసేపు మాట్లాడారు. అడ్వాన్సు ఎంతో, అగ్రిమెంటు ఎన్ని నెలలో అన్నీ కుదిరాయి. అప్పుడు వాళ్లబ్బాయి లోపలి నుంచి వచ్చి సిబిల్ అడిగాడు. మా ఆయన దాచుకోకుండా ఐపీ విషయం చెప్పారు. డిశ్చార్జి ఆర్డరు కాపీ సంచీలోనే ఉంది, తీసి చూపించారు. ఆ కుర్రాడు కాగితం వైపు చూడనే లేదు. "అంకుల్, మేం ఇలాంటివాళ్లకు ఇవ్వం" అన్నాడు. పెద్దాయన కాఫీ గ్లాసులు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయారు.

"ఇలాంటివాళ్లు" అంటే ఎవరో నాకు తెలుసు. మన ఊళ్లలో చిట్టీలు కట్టించుకుని, ఆస్తులన్నీ పెళ్లాం పేరునో బామ్మర్ది పేరునో రాసేసి, ఐపీ నోటీసులు పంచి, నెల తిరక్కుండా కొత్త కారులో తిరిగినవాళ్లను నేనూ చూశాను. వాళ్ల చేతిలో మోసపోయినవాళ్లు మీ చుట్టాల్లోనూ ఉండొచ్చు. అందువల్ల ఐపీ అనగానే మీ గుండె జారడం సహజమే. కాకపోతే, ఐపీ నోటీసు ఇవ్వడం ఒకటి, కోర్టు దాన్ని విచారించి చివర్లో డిశ్చార్జి ఇవ్వడం ఇంకొకటి. రెండింటికీ మధ్య ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన ఆంధ్రాలో మామూలు మనిషి దివాళా తీస్తే ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016లో కొత్త దివాళా చట్టం వచ్చింది కానీ వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల లోన్లకు సొంత పూచీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మాలాంటి చిన్న వ్యాపారులం ఇంకా నూరేళ్ల నాటి చట్టం కిందే ఉన్నాం. దాని ప్రకారం, ఎవరెవరికి ఎంత బాకీ, మనకేం ఆస్తి ఉంది అన్నది ప్రమాణం చేసి పిటిషన్లో రాయాలి. కోర్టు దివాళాదారుగా ప్రకటించగానే ఆస్తి అంతా కోర్టుకో, కోర్టు తరఫున దాన్ని చూసుకునే అఫీషియల్ రిసీవరుకో పోతుంది. కొట్లో సరుకు పోయింది, మా మామగారి నాటి చెలక పోయింది, తాకట్టులో ఉన్న ఇల్లు బ్యాంకు అమ్ముకుంది. చట్టం మినహాయించేవి కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మంగళసూత్రం లాంటివి. రిసీవరు ఆఫీసు నుంచి వచ్చినతను ఇంట్లో సామాను జాబితా రాస్తూ ఇడ్లీపాత్ర దగ్గర ఆగి, "ఇది వంటపాత్రే కదమ్మా" అని నన్నే అడిగాడు.

బాకీల వాళ్ల ఎదుట బోనెక్కి జవాబులు చెప్పాలి. పిటిషనుకు ముందు రెండేళ్లలో ఆస్తి ఎవరికైనా ఊరికే రాసిచ్చి ఉంటే రిసీవరు దాన్ని రద్దు చేయించవచ్చు. డిశ్చార్జి కోసం మళ్లీ విడిగా అడగాలి. అప్పుడు కోర్టు ఖాతా పుస్తకాలు సరిగ్గా రాశాడా, తీర్చలేనని తెలిసీ అప్పులు చేశాడా, రూపాయి బాకీకి ఆస్తిలో అర్ధరూపాయైనా రాకపోతే అందుకు అతని తప్పు ఉందా అని చూస్తుంది. మోసం కనబడితే పూర్తి డిశ్చార్జి ఇవ్వదు. మోసం చేసి తెచ్చిన అప్పులు, సర్కారు బాకీలు డిశ్చార్జి వచ్చినా రద్దు కావు. ఇంకో తమాషా సెక్షను ఉంది. డిశ్చార్జి రాకముందు, తాను దివాళాదారునని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు అప్పు తీసుకున్నా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఆ యాభై 1920 నాటి యాభై, ఎవరూ మార్చలేదు. మా ఆయన ఆ రోజుల్లో టీ కొట్లో కూడా ఖాతా పెట్టలేదు.

ఇంత జల్లెడ పట్టి బయటికొచ్చిన కాగితం డిశ్చార్జి ఆర్డరు. హోరమావు ఇంట్లో ఆ కుర్రాడు చూడనన్నది దాన్ని. చూపించమన్నది ఒక మూడంకెల నంబరుని.

ఆ నంబరు కూడా ఎలా తయారైందో చూడండి. ఇది మా ఆయనది కాదు, నాది. ఆయన వ్యాపార లోనుకు నేను జామీను సంతకం పెట్టాను. ఇల్లు అమ్మినా ఆ లోను పూర్తిగా తీరలేదు. ఐపీలో అప్పులవాడు విడుదలైనా జామీనుదారు విడుదల కాడని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి బ్యాంకు నా మీదికి వచ్చింది. నా పుట్టింటివాళ్లు ఇచ్చిన బంగారం అమ్మి, బ్యాంకుతో ఒక మొత్తానికి మాట్లాడుకుని సెటిల్ చేసుకున్నాను. సెటిల్ చేసుకుంటే పీడ విరగడైందని అనుకుంటాం కదా. రిపోర్టులో "క్లోజ్డ్" అని పడితే అప్పు పూర్తిగా తీరినట్టు, "సెటిల్డ్" అని పడితే బ్యాంకు కొంత వదులుకున్నట్టు. రెండోది చూస్తే లోన్లిచ్చేవాళ్లు మొహం తిప్పుకుంటారు. అలా రాజీపడ్డవాళ్లకు అదే బ్యాంకు కనీసం 12 నెలలు మళ్లీ అప్పివ్వకూడదని 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకే చెప్పింది, వ్యవసాయ రుణాలను మినహాయించి.

నా విషయంలో "సెటిల్డ్" కూడా పడలేదు. డబ్బు కట్టేసి, ఇక బాకీ లేదన్న నో డ్యూస్ లెటరు తీసుకున్నాక కూడా రిపోర్టులో బాకీ మొత్తం అలాగే ఉంది. నెలకో చిన్న గడి ఉంటుంది, ఎన్ని రోజులు ఆలస్యమైందో అందులో వేస్తారు. మంచి నెలకు మూడు సున్నాలు. నా దాంట్లో 2020లో కరోనా వల్ల వాయిదాలు ఆపుకోవచ్చని మారటోరియం ఇచ్చిన మార్చి నుంచి ఆగస్టు దాకా గడులు బాగానే ఉన్నాయి, ఆ తర్వాత ముప్ఫై, అరవై, తొంభై అని ఎక్కుతూ పోయింది, సెటిల్ చేసుకున్న తర్వాతి నెలల్లో కూడా. బ్రాంచిలో అడిగితే హెడ్డాఫీసు అన్నారు, హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే బ్రాంచి అన్నారు. బ్యూరోకి, అంటే ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీకి రాస్తే, బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తామన్నారు. అది రూలే, బ్యూరో సొంతంగా దిద్దలేదు. కోర్టు ఆర్డరైనా, సెటిల్మెంటు లెటరైనా దానంతటదే అక్కడికి నడిచి వెళ్లదు.

మాలాగా ఇరుక్కున్నవాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే, వాళ్ల కోసం రెండు మాటలు. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టండి, నంబరు దాచుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆ 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వడానికి గడువు 21 రోజులు. నేను ఈ వంద రూపాయల నిబంధన మెయిల్లో రాసిన తర్వాతే బ్యాంకు కదిలింది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. "మీ సిబిల్ పెంచుతాం, ఎనిమిది వేలు కట్టండి" అని గోడల మీద నంబర్లు అంటించేవాళ్లకు ఒక్క పైసా ఇవ్వకండి. ఉన్న తప్పు దిద్దడం మీరే చేసుకోగలరు, ఉన్న నిజాన్ని చెరపడం వాళ్ల వల్ల కూడా కాదు.

మళ్లీ మొదలుపెట్టడం కూడా అంత గొప్ప రహస్యమేం కాదు. బ్యాంకులో 25,000 ఎఫ్‌డీ వేసి దాని మీద ఒక కార్డు తీసుకున్నాను. ఎఫ్‌డీ వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి స్కోరు లేకపోయినా ఇస్తారు. గ్యాస్ సిలిండరు, ఫోన్ రీచార్జి, నెలవారీ బస్ పాసు దాని మీదే. కరెంటు బిల్లు కూడా వేద్దామనుకున్నాను, గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం పుణ్యమా అని అది సున్నా వస్తోంది. లిమిట్‌లో మూడో వంతు కూడా వాడను, బిల్లు వచ్చిన రోజే మొత్తం కట్టేస్తాను, కొత్త లోన్ల కోసం ఎక్కడా అప్లై చెయ్యను. బ్యాంకులు పదిహేను రోజులకోసారి లెక్కలు పంపాలన్న నిబంధన 2025 జనవరిలో వచ్చింది కాబట్టి మార్పు ఇదివరకటి కన్నా త్వరగా కనబడుతోంది. నా స్కోరు ఐదొందల్లో ఉన్నది ఇప్పుడు 668. పాత మరక మాత్రం ఇంకా కొన్నేళ్లు కనబడుతూనే ఉంటుంది. ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని బ్యూరోలకు నిబంధన ఉంది.

ఏడేళ్లు బ్యాంకులు చూసుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాళ్లు అప్పిచ్చేవాళ్లు, వాళ్ల జాగ్రత్త వాళ్లది. లోను అడిగినప్పుడు కదా ఆ గొడవ. తలదాచుకోవడానికి ఇల్లు అడిగినప్పుడు కూడా అదే కొలబద్ద పెడితే, ఈ ఏడేళ్లూ మేం ఎక్కడుండాలి? మంచి ఇల్లు, పిల్లాడి బడి దగ్గర, పని దగ్గర దొరికితేనే కదా జీతంలో నాలుగు రాళ్లు మిగిలి ఆ స్కోరు బాగుపడేది. దూరంగా, నీళ్ల ట్యాంకరుకు వేలు పోసే చోట, మురికి కాలవ పక్కన దిగితే మిగిలేదేముంటుంది?

మీ భయాన్ని నేను కొట్టిపారెయ్యడం లేదు. మీలో చాలామందికి ఆ అద్దే పెన్షను. ఇంటి లోను ఈఎంఐ ఆ అద్దెతోనే కడుతున్నవాళ్లూ ఉన్నారు, ఒక నెల ఆగితే మీ స్కోరు పడిపోతుంది, ఆ కష్టం నాకు బాగా తెలుసు. అందుకని అద్దె గురించి చెప్పే కాగితాలు అడగండి. పాత ఓనరు ఫోన్ నంబరు అడగండి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటులో అద్దె వెళ్లిన లైన్లు చూపించమనండి, మిగతావి కొట్టేసి ఇస్తాం. జీతం స్లిప్పులు అడగండి. ఇంకా అనుమానంగా ఉంటే జీతం పడిన మర్నాడే అద్దె మీ అకౌంట్లోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టమనండి, పెడతాం. మొదటి పదకొండు నెలలు చూసి, నచ్చితేనే పొడిగించండి. జామీను మాత్రం అడక్కండి. ఇంకో ఆడమనిషి చేత నేను సంతకం పెట్టించను.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు ఒక మాట. ఓనరు ఒప్పుకున్నాక కూడా "మా కమిటీకి సిబిల్ కాపీ ఇస్తేనే మూవ్-ఇన్" అన్న ఒక కాంప్లెక్సు తగిలింది మాకు. అద్దె ఒప్పందం ఓనరుకూ అద్దెకుండేవాళ్లకూ మధ్య. మెయింటెనెన్స్ కట్టకపోతే మీరడగాల్సింది ఫ్లాటు ఓనరును. ఆధార్ కాపీ, పోలీసు వెరిఫికేషన్ అడిగారంటే భద్రత కోసమని అర్థం చేసుకుంటాం, ఇస్తాం. వాచ్‌మన్ గదిలో ఫైళ్లలో మా లోన్ల చరిత్ర ఎందుకు? 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటోంది. దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. మీరు ఇప్పుడే ఆ అలవాటు మానుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

ప్రొద్దుటూరు పెద్దాయన కూడా ఇది చదువుతారేమో. అయ్యా, మీ మీద కోపం లేదు. మీ ఇంట్లో ఇంకెవరో దిగి ఉంటారు. మీ అబ్బాయి వాళ్లను సిబిల్‌తో పాటు పాత ఓనరు నంబరు కూడా అడిగాడో లేదో కనుక్కోండి.

మాకు జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఇల్లు కావాలి. రెండు బెడ్రూములు, 18,000 దాకా, కె.ఆర్.పురం మెట్రోకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే మంచిది. ముగ్గురమే ఉంటాం. నాన్‌వెజ్ ఆదివారాలు వండుతాం, ముందే చెబుతున్నాను. ఆరు నెలల అడ్వాన్సు సిద్ధంగా ఉంది. పాత ఓనరమ్మ నంబరు, జీతం స్లిప్పులు, అద్దె కట్టిన లైన్లు, కోర్టు డిశ్చార్జి ఆర్డరు కాపీ ఒక ఫైల్లో పెట్టుకున్నాం, ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు తెస్తాం. మా సిబిల్ రిపోర్టు ఆ ఫైల్లో లేదు, అడిగినా ఇవ్వం.

ఇట్లు,
కె.ఆర్.పురంలో ఉంటున్న ఒక ధర్మవరం ఇల్లాలు